నహలాల్: బండిచక్రం ఆకారంలో ఒక సహకార గ్రామం

ఉత్తర ఇజ్రాయెల్‌లోని జెజ్రియేల్ లోయకు వెళ్లేవారు సాధారణంగా నజరేతు చూసి తిరిగి వచ్చేస్తారు. వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం పక్కనే ఉన్న నహలాల్‌ను వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. యూదు వలసదారులు 1921లో చిత్తడి నేలలో, మలేరియా నడుమ స్థాపించిన ఈ ఊరు తొలి మోషావ్, అంటే సహకార వ్యవసాయ గ్రామం. కిబుట్స్ అనే సామూహిక గ్రామాల్లో ఆస్తి, ఆదాయం ఉమ్మడివి కాగా, ఇక్కడ ప్రతి కుటుంబానికీ వేరే ఇల్లు, సమానమైన కమతం ఇచ్చి, కొనుగోళ్లు, పంట అమ్మకాలు మాత్రం సంఘం చేతిలో ఉంచారు. భూమి యూదు జాతీయ నిధి అనే సంస్థది కాగా, రైతుకు దక్కేది దీర్ఘకాలపు కౌలు హక్కు.

వాస్తుశిల్పి రిచర్డ్ కౌఫ్‌మన్ ఆ సమానత్వాన్ని ఊరి ఆకారంలోనే గీశాడు. నడుమ బడి, సంఘ భవనాలు, వాటి చుట్టూ వలయంగా ఇళ్లు, ప్రతి ఇంటి వెనుక నుంచి బండిచక్రపు ఆకుల్లా బయటికి సాగే పొలాలు. లోపలి రోడ్డు మీద ఒక చుట్టు నడిస్తే ఏ ఇల్లూ కేంద్రానికి మరొకదానికన్నా దగ్గరగా లేదని అర్థమవుతుంది. షిమ్రోన్ గుట్ట మీది శ్మశానవాటికలో ఇజ్రాయెల్ మాజీ రక్షణమంత్రి మోషే దయాన్ సమాధితోపాటు, 2003లో కల్పనా చావ్లాతో కలిసి కొలంబియా వ్యోమనౌక ప్రమాదంలో మరణించిన ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ సమాధి కూడా ఉంది. భారతీయులు అక్కడ కాసేపు ఆగకుండా ఉండలేరు. దగ్గరలోనే, 1948 యుద్ధంలో ఖాళీ అయిన అరబ్బు గ్రామం మాలూల్ శిథిలాలు ఉన్నాయి. వాటినీ చూస్తేనే ఈ లోయ చరిత్ర రెండు వైపులా తెలుస్తుంది.

బస విషయానికి వస్తే, ఇలాంటి మోషావ్‌లలో రైతు కుటుంబాలే అద్దెకిచ్చే గదులను జిమ్మర్ అంటారు. చిన్న వంటగది ఉన్న గదిని అడిగి తీసుకుంటే శాకాహారులకు ఎంతో వెసులుబాటు. వారాంతంలో అద్దె పెరుగుతుంది కనుక వారం మధ్యలో వెళ్లడం మేలు. భోజనానికి, సందడికి, చౌక బసకు నజరేతు పాతపట్నమే నయం.

హైఫా నుంచి 2016లో మొదలైన లోయ రైలు కఫర్ యెహోషువా వరకు హాయిగా చేరుస్తుంది, కానీ అక్కడి నుంచి బస్సుల కోసం ఎదురుచూడాలి. యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు కారణంగా శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటి పడేదాకా ఈ ప్రాంతంలో రైళ్లు, బస్సులు దాదాపుగా ఆగిపోతాయి. కుటుంబంతో వెళ్లేవారు హైఫాలోనే కారు అద్దెకు తీసుకోవడం ఉత్తమం.