పెళ్లికార్డుల సిస్టమ్‌లో విండోస్ 10, నెట్ సిస్టమ్‌లో లినక్స్ మింట్: వాడినవాడి మాట

కావలిలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, అర్జీలు, పనంతా తెలుగులోనే. ఎక్స్‌పీ కాలం నుంచి విండోసే వాడాను. ఇప్పుడు ఒక సిస్టమ్‌లో విండోస్ 10, రెండోదాంట్లో విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఉన్నాయి.

విండోస్ 10లో నాకు బాగా నచ్చింది, పాత ప్రోగ్రాంలను తోసెయ్యకపోవడం. 2001లో వచ్చిన, పేజీలు పేర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ 7 దీంట్లో ఇంకా తెరుచుకుంటోంది. దానికి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదువుకునే పద్ధతి) తెలియదు కాబట్టి మా పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలోనే ఉండిపోయాయి. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే శుభలేఖంతా పిచ్చిగీతలే. అన్న పెళ్లికార్డు పట్టుకొచ్చి "పేర్లు మార్చి తమ్ముడిది కొట్టియ్యి సామీ" అనేవాళ్లకు ఆ ఫైలు కావాల్సిందే. కొత్త హంగులు, వార్తల డబ్బాలు ఎవరడిగారు? నిన్నటి ఫైలు, నిన్నటి ప్రింటరు రేపూ పనిచేస్తే చాలు.

నెట్ పెట్టి వాడిన రోజుల్లో అప్‌డేట్లు మాత్రం ఓపిక్కి పరీక్షే. యాక్టివ్ అవర్స్ (మనం పనిచేసే వేళలు) పెట్టుకుంటే 18 గంటల దాకా తనంతట తాను రీస్టార్ట్ కాదు. షాపువాళ్లు ముందు ఆ పని చేసుకోండి. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే యూపీఎస్ వైపు చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది.

అసలు చిక్కు వేరే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు (భద్రతా అప్‌డేట్లు వగైరా) అయిపోయింది. 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. నాది ఆరో తరం ఐ3. ఎస్‌ఎస్‌డీ వేశాక చక్కగా పరిగెత్తుతోంది. తాళంచెవుల్లాంటి రహస్యాలు ఆ చిప్‌లో భద్రమంటే కాదనను. కానీ బాగున్న సిస్టమ్‌ను పాతసామాన్లకు వెయ్యడానికి నాకు చేతులు రావు.

అందుకే రెండోదాంట్లో మింట్ వేశాను. తేలిక, పైసా ఖర్చు లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో తెలుగు కొడితే లిబ్రెఆఫీస్‌లో (ఉచిత ఆఫీస్ ప్రోగ్రాం) ఒత్తులు విరగవు. ఆన్‌లైన్ దరఖాస్తులన్నీ దీంట్లోనే. ఎవరెవరివో పెన్‌డ్రైవులు కూడా ముందు దీనికే పెడతాను, విండోస్ వైరస్‌లు ఇక్కడ లేచి ఆడవు. అయితే పేజ్‌మేకర్‌కు లినక్స్ ఎడిషనే రాలేదు. నా పాత లేజర్ ప్రింటరూ దీని మాట వినలేదు, కంపెనీ పేరెందుకులే. కార్డుల పని నెట్ పీకేసిన విండోస్ 10 మీదే సాగుతోంది.

ఇంట్లో పిల్లల చదువుకు పాత సిస్టమ్ ఉంటే మింట్ వెయ్యొచ్చు. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసే వీలుంది. వైఫై, ప్రింటరు అప్పుడే చూసుకోండి.