కడపలో స్పౌజ్ వీసాకు ‘జాయింట్ స్పాన్సర్ ప్యాకేజీ’: డబ్బులు దేనికివ్వాలి, దేనికి అక్కర్లేదు

కడప టౌన్‌లోని ఒక వీసా కన్సల్టెన్సీ అమ్మే ప్యాకేజీ గురించి ఈ రివ్యూ. అమెరికాలో ఉన్న భర్తో భార్యో ఇక్కడున్న మనిషికి ఇమ్మిగ్రెంట్ వీసా పిటిషన్ వేశాక, తన జీతం చాలకపోతే ఇంకొకరి చేత ఆర్థిక పూచీ ఇప్పించాలి. ఆ పూచీ ఇచ్చే మనిషే జాయింట్ స్పాన్సర్. మనిషిని ఎంచుకోవడంలో సలహా, ఆ పూచీ రాసిచ్చే ఐ-864 ఫారం నింపడం, కాగితాలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం, ఇంటర్వ్యూ ఫైలు సర్దడం అన్నీ కలిపి 18,000 రూపాయలు. కాగితాల పనికి 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. స్పాన్సర్ ఎంపికలో సలహాకు మాత్రం 5కి 2 కంటే ఎక్కువ ఇవ్వలేం. కేసు నిలబడేదీ పడిపోయేదీ ఆ ఎంపిక దగ్గరే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

లోపం ఎక్కడి నుంచి వచ్చిందో సులభంగానే తెలుస్తుంది. ఇలాంటి ఆఫీసుకు రోజువారీ పని స్టూడెంట్ వీసాలది. అక్కడ నాన్న, మేనమామ, పెద్దనాన్న ఎవరైనా ఫండ్స్ చూపించొచ్చు. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద అఫిడవిట్, నోటరీ ముద్ర, సీఏ ఇచ్చే నెట్‌వర్త్ సర్టిఫికెట్, పొలం వాల్యుయేషన్ పెడితే ఫైలు బరువుగా కనిపిస్తుంది. స్పౌజ్ కేసులో ఈ బరువుకు విలువ లేదు. ఐ-864 అనేది స్పాన్సర్‌కీ అమెరికా ప్రభుత్వానికీ మధ్య చట్టబద్ధమైన ఒప్పందం. 1996 చట్టంతో వచ్చింది, 1997 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. దానికి స్టాంపు పేపర్ అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. ప్యాకేజీలో ‘నోటరీ, సీఏ సర్టిఫికెట్’ అని వేరే చార్జీ రాసి ఉంటే అది కొట్టేయించండి.

కౌంటర్లో వినబడే మొదటి మాట ఇలా ఉంటుంది: “మీ పెద్దమామకు డాలస్‌లో శానా ఆస్తి ఉండాది కదన్నా, ఆయన పేరే ఏసేద్దాం.” ఆస్తి చూసి పేరు వేయడమే ఇక్కడ మొదటి తప్పు. మామ కావడం కూడా అవసరం లేదు. జాయింట్ స్పాన్సర్‌కు చుట్టరికం ఉండాలని ఏ నిబంధనా లేదు, స్నేహితుడైనా పనికొస్తాడు. ఉండాల్సింది వేరే. ఆయన అమెరికా సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు హోల్డర్ అయినా అయి ఉండాలి. 18 ఏళ్లు నిండి ఉండాలి. అమెరికాలోనే కాపురం ఉండాలి. మన పిల్లల స్నేహితుల్లో ఎక్కువమంది హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉంటారు. ఎంత జీతం వచ్చినా వాళ్లు జాయింట్ స్పాన్సర్ కాలేరు. ఈ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగితే మూడు వారాల తిరుగుడు తప్పుతుంది. ఈ ఆఫీసులో దాన్ని కాగితాలన్నీ తెప్పించుకున్నాక అడుగుతారు.

తర్వాతది ఇంటి సభ్యుల లెక్క. ఎక్కువ ఫైళ్లు తప్పిపోయేది ఇక్కడే. స్పాన్సర్ ఆదాయం, ఆయన కుటుంబ సంఖ్యకు అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక గీతలో 125 శాతానికి తగ్గకూడదు. 2025 పట్టికలో, అలాస్కా, హవాయి కాకుండా మిగతా రాష్ట్రాలకు, ఇద్దరికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187, ఐదుగురికి 47,062, ఆరుగురికి 53,937, ఏడుగురికి 60,812. పట్టిక ఏటా మారుతుంది కాబట్టి సంతకం పెట్టే రోజుకు అమల్లో ఉన్న పట్టిక, అంటే ఐ-864పీ, తీసి చూడాలి.

డాలస్ పెద్దమామ సంగతే లెక్కేద్దాం. జీతం 58,000 డాలర్లు. ఆయన, భార్య, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలిద్దరు, మొత్తం నలుగురు. ఇప్పుడు వచ్చే మనిషితో ఐదుగురు. 47,062 చాలు కదా అని ఆఫీసువాళ్లు టిక్కు పెట్టేస్తారు. కానీ ఆయన కొన్నేళ్ల కిందట తన అమ్మానాన్నలకు కూడా ఇదే ఫారం మీద సంతకం పెట్టి గ్రీన్ కార్డు ఇప్పించి ఉంటే? వాళ్ల మీద పూచీ ఇంకా తీరలేదు కాబట్టి వాళ్లిద్దరూ లెక్కలోకి వస్తారు. ఏడుగురయ్యారు. కావాల్సింది 60,812. పెద్దమామ 2,812 డాలర్ల తేడాతో తప్పిపోయాడు. ఆ పెద్దవాళ్లకు సిటిజన్‌షిప్ వచ్చేసి ఉంటే మళ్లీ ఐదుగురే, ఆయన సరిపోతాడు. అయితే వాళ్లను ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిస్తూ ఉంటే సిటిజన్లయినా సరే లెక్కలో ఉంటారు. ‘గతంలో ఎవరికైనా స్పాన్సర్‌గా సంతకం పెట్టారా’ అన్న ప్రశ్న ఈ ప్యాకేజీ చెక్‌లిస్టులో లేనే లేదు.

అదే ఊళ్లో పెళ్లికాని చెల్లెలొకామె, ఎవరూ ఆధారపడని మనిషి, నర్సుగా 35,000 డాలర్లు సంపాదిస్తుంటే ఆమె లెక్క ఇద్దరే. 26,437 దాటేసింది. పెద్దమామ కంటే ఈ చెల్లెలే గట్టి స్పాన్సర్. చిన్న కుటుంబం, నిలకడైన జీతం, శుభ్రమైన ట్యాక్స్ రిటర్న్, ఈ మూడే చూసి మనిషిని ఎంచుకోండి.

పెద్దమామనే పెట్టాలంటే ఒక దారుంది. ఆయన భార్య కూడా ఉద్యోగం చేస్తుంటే ఆమె ఐ-864ఏ (ఇంటి సభ్యులు ఆదాయం కలిపే ఫారం) మీద సంతకం పెట్టి తన ఆదాయం కలపొచ్చు. అప్పుడు పూచీ బాధ్యత ఆమె మీదా పడుతుంది. కానీ ఇక్కడి అబ్బాయి లేదా అమ్మాయి కోసం పిటిషన్ వేసిన మనిషి ఆదాయాన్ని జాయింట్ స్పాన్సర్ ఆదాయంతో కలపడం కుదరదు. పిటిషనర్‌ది 15,000, స్పాన్సర్‌ది 15,000, కలిపితే 30,000 అని కూడితే ఫైలు వెనక్కొస్తుంది. జాయింట్ స్పాన్సర్ తన ఇంటి ఆదాయంతో ఒంటరిగానే గీత దాటాలి.

ట్యాక్స్ విషయంలో అమెరికా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అయిన ఫారం 1040లో 9వ లైను, అంటే టోటల్ ఇన్‌కమ్, చూడండి. గ్యాస్ స్టేషన్, మోటెల్ ఉన్నాయని పేరున్నవాళ్ల రిటర్న్‌లో ఖర్చులన్నీ పోగా ఆ లైనులో 22,000 కనిపించడం వింతేమీ కాదు. అక్కడ వ్యాపారం ఎంత పెద్దదైనా ఆ అంకె ముందు చిన్నబోతుంది. స్పాన్సర్ ఒప్పుకున్నాక మొదట అడగాల్సింది ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) వెబ్‌సైట్ నుంచి గత సంవత్సరం ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే వేసిన రిటర్న్ వివరాల పత్రం. అది ఉచితం, అందులో సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి 4 అంకెలు తప్ప కనబడవు. భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేసి ఒకరి ఆదాయమే చూపిస్తున్నప్పుడు ఎవరిదెంతో విడదీయడానికి డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రాలు) జోడించాలి. వీటితో పాటు సిటిజన్ అయితే పాస్‌పోర్టు ఫొటో పేజీ లేదా నేచురలైజేషన్ సర్టిఫికెట్, గ్రీన్ కార్డు అయితే రెండు వైపులా కాపీ, ఇటీవలి పే స్టబ్‌లు, అంటే జీతం స్లిప్పులు.

ఈ ప్యాకేజీలో అన్నిటికంటే పెద్ద లోటు ఇంకొకటి. అసలు జాయింట్ స్పాన్సర్ కావాలా అన్నది ఎవరూ అడగరు. ప్యాకేజీ అమ్మాలి కాబట్టి స్పాన్సర్ కావాలంటారు. పోయినేడు చదువుకుంటూ 9,000 డాలర్లు చూపించిన పిటిషనర్ ఇప్పుడు 40,000 జీతంలో చేరి ఉంటే, ముఖ్యంగా చూసేది ఇప్పటి ఆదాయమే. ఉద్యోగ లేఖ, పే స్టబ్‌లు పెట్టి, పాత రిటర్న్ ఎందుకు తక్కువగా ఉందో ఒక చిన్న వివరణ రాస్తే మూడో మనిషిని బతిమాలే పని లేకపోవచ్చు.

కొంచెమే తక్కువ పడితే ఆస్తులు పూడుస్తాయి. పిటిషనర్ సిటిజన్ అయితే తక్కువ పడిన మొత్తానికి 3 రెట్లు, గ్రీన్ కార్డు అయితే 5 రెట్లు చూపాలి. ఇద్దరి కుటుంబంలో పిటిషనర్ ఆదాయం 20,000 అనుకుంటే లోటు 6,437. సిటిజన్‌కు 19,311 డాలర్ల ఆస్తి, గ్రీన్ కార్డుకు 32,185 డాలర్ల ఆస్తి సరిపోతుంది. ఇక్కడున్న భార్య లేదా భర్త సొంత పేరు మీద ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఇందులో లెక్కకొస్తుంది. ఈ మాట ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. అయితే నాన్న పేరు మీదున్న ప్రొద్దుటూరు స్థలం రాదు, వీసాకు వెళ్లే మనిషి పేరు మీద ఉండాలి. ఏడాదిలోపు పెద్ద నష్టం లేకుండా డబ్బుగా మార్చగలిగేదై ఉండాలి, దాని మీది అప్పు తీసేసి లెక్కేయాలి. స్థలమైతే ఈసీ, వాల్యుయేషన్ రెండూ పెట్టాలి. అన్నదమ్ముల ఉమ్మడి పొలం మీద ఆశ పెట్టుకోకండి. బ్యాంకు డబ్బుకు 12 నెలల స్టేట్‌మెంట్ తీయించండి. పోయిన వారమే ఎవరో వేసిన 15 లక్షలు ఇంటర్వ్యూలో ప్రశ్నలే తెస్తాయి.

ఇంకో రెండు విషయాల్లో తప్పుడు సలహా వినిపించింది. “స్పాన్సర్ దొరికాడు కాబట్టి మీవాడి ఫారం అక్కర్లేదు” అన్నది మొదటిది. పిటిషనర్ తన ఆదాయం సున్నా అయినా సొంత ఐ-864 వేసి తీరాలి, జాయింట్ స్పాన్సర్‌ది దానికి అదనం. రెండోది ఇక్కడే ఉంటున్న సిటిజన్ల గురించి. అమెరికాలో పుట్టి కడపలో పెరిగినవాళ్లు, కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న అమెరికా సిటిజన్లు పిటిషన్ వేసినప్పుడు, అమెరికాలో తమ నివాసం ఉందని, లేకపోతే భార్య వెళ్లే సమయానికి తామూ అక్కడ స్థిరపడతామని రుజువులు చూపాలి. ఇల్లు అద్దెకు తీసుకోవడం, ఉద్యోగ ప్రయత్నాలు, బ్యాంకు ఖాతా లాంటివి. ఆ లోటును ఎంత ధనవంతుడైన జాయింట్ స్పాన్సరూ పూడ్చలేడు. విదేశంలో సంపాదించినా పరిమితి దాటితే అమెరికాకు ట్యాక్స్ రిటర్న్ వేయాల్సిందే. వేయకపోతే ముందు అది వేసి రావాలి.

ఇక బాగున్న భాగం. ఫారం నింపడంలో వీళ్ల చెయ్యి నిజంగా చక్కగా ఉంది. పేజీ అడుగున ఎడిషన్ తేదీ చూసి పాతది పక్కన పడేస్తారు. జాయింట్ స్పాన్సర్ ఫారంలో ‘నేనొక్కడినే జాయింట్ స్పాన్సర్’ అన్న గడికే టిక్కు పెడతారు, పిటిషనర్ గడికి కాదు. ఇది చాలాచోట్ల తప్పుతారు. జాయింట్ స్పాన్సర్‌కు ఐ-864ఈజెడ్ అనే చిన్న ఫారం పనికిరాదన్నది వాళ్లకు తెలుసు. పెన్నుతో పెట్టిన సంతకమే కావాలని, కంప్యూటర్లో టైపు చేసిన పేరు చెల్లదని స్పాన్సర్‌కు ముందే రాసి పంపుతారు. స్కాన్‌లో నాలుగు అంచులూ కనబడాలని పట్టుబడతారు. ఎన్‌వీసీకి (ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే అమెరికా నేషనల్ వీసా సెంటర్) కట్టే 120 డాలర్ల ఫీజు కేసుకు ఒకసారేనని, జాయింట్ స్పాన్సర్‌కు మళ్లీ కట్టనక్కర్లేదని కూడా సరిగ్గానే చెప్పారు.

కాగితాలు తెప్పించే పద్ధతి మాత్రం భయపెట్టేలా ఉంది. స్పాన్సర్ సోషల్ సెక్యూరిటీ నంబరున్న ఫారం, డబ్ల్యూ-2, పాస్‌పోర్టు అన్నీ ఆఫీసు వాట్సాప్‌కు పంపమంటారు. అవి ఫోన్ గ్యాలరీలో, జిరాక్స్ షాపు కంప్యూటర్ డెస్క్‌టాప్‌లో మిగిలిపోతాయి. మన కోసం సంతకం పెట్టే మనిషికి ఇలా చేయకూడదు. నిజానికి ఆ కాగితాలు కడపకు రావాల్సిన పనే లేదు. స్పాన్సర్ నేరుగా అమెరికాలోని పిటిషనర్‌కు ఇస్తే అతనే లాగిన్ అయి అప్‌లోడ్ చేయొచ్చు. ముంబై కేసులకు బీఎంబీతో మొదలయ్యే కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు ఉంటాయి. ఆ రెండూ తెలిస్తే ఎవరైనా ఫైలు తెరవగలరు కాబట్టి వాటినీ ఊరికే ఇవ్వకండి.

“ఉత్త సంతకమే కదా మామా” అని అడగడం స్పాన్సర్‌కు అన్యాయం. ఆ పూచీ విడాకులతో తీరదు. వచ్చిన మనిషికి సిటిజన్‌షిప్ రావాలి, లేదా 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్లు, జమ కావాలి, లేదా గ్రీన్ కార్డు వదిలేసి దేశం విడిచి వెళ్లాలి, లేదా చనిపోవాలి. స్పాన్సర్ మరణంతో కూడా ముగుస్తుంది. ఈలోగా వచ్చిన మనిషి మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య సాయం), ఫుడ్ స్టాంపుల వంటివి తీసుకుంటే ప్రభుత్వం స్పాన్సర్ దగ్గర వసూలు చేయొచ్చు. వచ్చిన మనిషే పోషణ కోసం కోర్టుకెక్కొచ్చు కూడా. ఇల్లు మారితే 30 రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఐ-865 వేయాలి, వేయకపోతే 250 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. మనసు మారితే వీసా ఇచ్చేలోపే వెనక్కి తీసుకోవాలి. ఇవన్నీ తెలుగులో ఒక పేజీ రాసి స్పాన్సర్‌కు పంపండి, అడిగినా ఈ ఆఫీసు ఆ పేజీ ఇవ్వలేదు.

ప్యాకేజీ తీసుకునేవాళ్లు మొత్తం 18,000 కట్టొద్దు. లెక్క మీరే వేసుకుని, ఫారం నింపి సరిచూడటం వరకే మాట్లాడుకోండి. బేరం కుదురుతుంది. డబ్బులిచ్చే ముందు ఒక షరతు రాయించుకోండి: ముంబై ఇంటర్వ్యూలో ఆఫీసర్ వీసా ఆపి ఇంకా కాగితాలడిగే 221(జీ) కాగితం ఇచ్చి వేరే జాయింట్ స్పాన్సర్‌ను తెమ్మంటే, రెండో స్పాన్సర్ ఫారం అదే ఫీజులో చేయాలని. రాయించుకోకపోతే దాన్ని కొత్త ప్యాకేజీగా లెక్కేసి మళ్లీ పూర్తి డబ్బులడుగుతారు. అంతకుముందు ఎంచిన స్పాన్సర్ పేరు వాళ్ల సలహానే అయినా సరే.