గడిలో చరిత్ర పాఠాలు: ఒక వేసవి శిక్షణ అనుభవం

సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ మే నెలలో నిర్వహించిన శిక్షణ, జనగామ ప్రాంతంలోని ఒక పాత దేశ్‌ముఖ్ గడిలో (నిజాం కాలపు పెద్ద భూస్వామి కోటలాంటి భవనంలో) జరిగింది. శిక్షణ అనగానే మనకు గుర్తుకు వచ్చేది స్కూల్ కాంప్లెక్స్ సమావేశం, ప్రొజెక్టరు, హాజరుపట్టీలో సంతకం మాత్రమే కనుక, చరిత్ర జరిగిన చోటనే కూర్చుని చరిత్ర చదవడమన్న ఆలోచన చాలామందిని ఆకర్షించింది. వచ్చే వేసవిలో ఇటువంటి వాటికి వెళ్లదలచినవారికి పనికివస్తుందని, అక్కడి వసతి, పాఠాలు, సందర్శనల గురించి నా అంచనాను రాస్తున్నాను.

ముందుగా వసతి. డంగుసున్నంతో కట్టిన మందపాటి గోడల వల్ల గడి లోపలి గదులు మధ్యాహ్నం వరకు చల్లగానే ఉంటాయి. కానీ పగలంతా పీల్చుకున్న వేడిని ఆ గోడలు రాత్రివేళ వదులుతాయి కాబట్టి, చీకటి పడ్డాక లోపల పడుకోవడం కష్టం. పురుషులు నడిమి వాకిట్లో మంచాలు వేసుకుని దోమతెరలతో సర్దుకున్నారు. మహిళా ఉపాధ్యాయులకు ఆ వెసులుబాటు లేకపోగా, వారికి కేటాయించిన స్నానపు గదులు ఆవరణకు అవతలి వైపున, వెలుతురు సరిగా లేని చోట ఉన్నాయి. దరఖాస్తు పత్రంలో ఈ సంగతి చెప్పకపోవడం నిర్వాహకుల లోపమేనని నా అభిప్రాయం. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఫ్యాన్ల వరకే సరిపోయింది, కూలర్లు ఆగిపోయేవి. భోజనానికి మాత్రం వంక పెట్టలేము: ఊరివాళ్లే వండిన జొన్నరొట్టె, పచ్చిపులుసు, పొద్దున్నే చల్లటి అంబలి ఆ ఎండకు తగిన తిండి.

ఇక పాఠాలు. మొదటి ఉపన్యాసంలో గడి దర్వాజ చెక్కడాలు, బురుజు ఎత్తు, ధాన్యం నిలువచేసిన గరిసెలు, వేట విశేషాలు వినిపించారు. వినసొంపుగానే ఉంది కానీ, ఆ గరిసెలు ఎవరి రెక్కల కష్టంతో నిండాయన్న మాట అందులో ఒక్కటీ రాలేదు. ఆ లోటును మరునాటి కార్యక్రమం తీర్చింది. ఉర్దూ, పర్షియన్ పదాలు తెలిసిన ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి పాత సేత్వార్ (తొలి భూసర్వే రికార్డు) నకళ్లను, 1954–55 నాటి ఖాస్రా పహాణీ (భూమి ఎవరిది, ఎవరి స్వాధీనంలో ఉందో రాసే రెవెన్యూ రికార్డు) పుటలను మా ముందు పరిచి, పట్టాదారు ఎవరు, కబ్జాలో ఉన్నది ఎవరు అన్న రెండు నిలువు వరుసలను పక్కపక్కన పెట్టి చదివించారు. నిజాం ప్రధాని సాలార్‌జంగ్ సంస్కరణల్లో శిస్తు వసూలు గుత్తేదారులను తొలగించి, దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా రుసుం (భత్యం) ఏర్పాటు చేశారని మేము ఏటా తరగతిలో చెబుతూనే ఉంటాము. అధికారం పోయినా భూమి వారి చేతిలోనే ఎలా పోగుపడిందో ఒక ఊరి సర్వే నంబర్లలో చూసినప్పుడు, ఆ పాఠాన్ని ఇంతకాలం ఎంత పొడిగా చెప్పామో అర్థమైంది.

ఆ సాయంత్రం ఎనభై దాటిన ఒక అవ్వను పిలిపించారు. ఆమె మొదట గడప లోపలికి రాకుండా అరుగు మీదనే కూర్చుని, "గీ దర్వాజ ముందట్కెల్లి పోవాల్నంటే చెప్పులు చేతుల వట్టుకునేటోళ్లని మా అత్త చెప్పేది బిడ్డా" అన్నది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఇళ్లవారు ఏ పండుగకు ఏ పని ఊరికే చేయవలసి వచ్చేదో ఆమె వరుసగా చెబుతుంటే, వెట్టిచాకిరీ గురించి పాఠ్యపుస్తకంలో ఉన్న పేరా మాకు చాలా చిన్నదిగా కనిపించింది. ఆమెకు ఇంకో గంట ఇచ్చి, మొదటిరోజు ఉపన్యాసాన్ని సగానికి తగ్గించి ఉంటే బాగుండేదని నాతో పాటు చాలామంది అభిప్రాయ పత్రంలో రాశారు.

దగ్గరలోనే ఉన్న కడవెండికి తీసుకువెళ్లడం నిర్వాహకులు చేసిన మంచి పని. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో తెలంగాణ రైతాంగ పోరాట అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు అది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను దొర మనుషులకు దక్కకుండా కాపాడుకున్న కథను అక్కడే విన్నాము. పదమూడవ శతాబ్దపు కవి పాల్కురికి సోమనాథుడి ఊరు కూడా అదే కావడంతో, తెలుగు పండితులు మరికొంత సేపు ఆగాలని పట్టుబట్టారు గానీ బస్సు డ్రైవరు ఒప్పుకోలేదు.

కాకతీయుల ఓరుగల్లు (వరంగల్) కోట సందర్శన ఆశించినంత ఫలించలేదు. మట్టికోట, రాతికోట దాటుకుని నాలుగు కీర్తితోరణాల నడుమకు చేరేసరికి ఎండ నెత్తిమీదకు వచ్చింది, అక్కడ నీడ తక్కువ. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్‌ఖాన్ కోటను పట్టుకున్న వైనం, స్వయంభూ ఆలయం శిథిలం కావడం, తరువాతి కాలపు స్థానిక పాలకుడు సితాబ్‌ఖాన్ పేరుతో ముడిపడిన ఖుష్ మహల్, ఇవన్నీ ఒకే చోట ఒకదానిపై ఒకటి పొరలుగా కనిపించే అరుదైన స్థలం అది. మా గైడు మాత్రం తేదీలు వల్లించి ముందుకు నడిపించాడు. ఉదయం ఆరున్నరకే వెళ్లి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి దీనికి భిన్నం. 1163 నాటి కాకతీయ రుద్రదేవుడి శాసనం ముందు నిలబడి చదివించడం, విడదీసిన రాళ్లను మళ్లీ కూర్చి 2024లో తెరిచిన కల్యాణ మండపాన్ని పునరుద్ధరణకు ఉదాహరణగా చూపించడం, రెండూ తరగతికి నేరుగా తీసుకుపోగల పాఠాలు.

రామప్ప గుడికి ఒక పూట చాలదు. వరంగల్ నుంచి ములుగు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఆ గుడిని నిలిపినట్టు అక్కడి శాసనం చెబుతుంది. శిల్పి పేరు మీదుగా గుడికి రామప్ప అన్న పేరు వచ్చిందన్నది జనశ్రుతి. శాసనం చెప్పేదాన్ని, జనం చెప్పేదాన్ని వేరువేరుగా రాయించి, పిల్లలతో వాటిని పోల్చి చూడమనే అభ్యాసాన్ని మేము అక్కడే తయారుచేశాము. ఎర్రటి ఇసుకరాతి గోడలకు, నిగనిగలాడే నల్లరాతి మదనికలకు (స్త్రీమూర్తి శిల్పాలకు) తేడా ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే పుట్టింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవురోజుల్లో రద్దీ పెరిగింది కాబట్టి, బృందంగా వెళ్లేవారు పనిదినాన్ని ఎంచుకోవడం మేలు. చెరువు ఒడ్డున పర్యాటక శాఖ వసతి ఉంది, ముందుగా బుక్ చేసుకోవాలి.

ఈ అనుభవం మీద నా సలహా ఇది: పాఠాలు గడిలో, పడక హనుమకొండ హోటల్లో పెట్టుకుంటే శరీరానికీ చదువుకూ మంచిది. సరిగా పునరుద్ధరించిన గడి ఎలా ఉంటుందో చూడాలనుకుంటే కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట ఉంది. 2022లో దానికి యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ లభించింది. ఏ గడిలో పెట్టినా సరే, రుసుము కట్టేముందు నిర్వాహకులను మూడు సంగతులు అడగండి: మహిళలకు స్నానపు గదులు ఎక్కడ, కోటకు బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, గడి గురించి మాట్లాడేవారిలో ఆ ఊరి కష్టజీవుల ఇళ్లనుంచి ఎవరైనా ఉన్నారా.