వుడ్‌వర్డ్ రోడ్డు మీద మజిల్ కార్లు: డెట్రాయిట్ వెళ్ళేవాళ్ళకి

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. అందులో అందరి కళ్ళూ మజిల్ కార్ల మీదే, అంటే మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టి వేగం కోసం కట్టినవి. డెట్రాయిట్ పొలిమేర దాటగానే వచ్చే ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా, సుమారు 16 మైళ్ళ పొడవునా పాత కార్లే. నలభై వేల కార్లు, పది లక్షల జనం అన్నది నిర్వాహకులు చెప్పే లెక్క. చాలామంది ఆ ఒక్క రోజు కోసమే విమాన టికెట్లు కొని శుక్రవారం రాత్రి దిగుతారు, ఆదివారం వెళ్ళిపోతారు. కార్లను చూడటానికి అది చాలు. అవి పరుగెత్తే చప్పుడు వినాలంటే మాత్రం అదే వారం మంగళ, బుధ, గురువారాల సాయంత్రాలు అక్కడ ఉండాలి. శనివారం మధ్యాహ్నానికల్లా ఆ రోడ్డు మీద నడక వేగం కూడా దొరకదు. ఏడు లీటర్ల ఇంజను ఉన్న కారు ఫస్టు గేరులో ఇంచించు జరుగుతూ ఉంటే, దాన్ని ఎందుకు కట్టారో ఎవరికీ అర్థం కాదు.

1960లలో ఈ రోడ్డు మీదే పందేలు ఎందుకు జరిగాయో అక్కడ నిలబడితే తెలిసిపోతుంది. ఒక్కో వైపు నాలుగు లేన్లు, మధ్యలో వెడల్పాటి గడ్డి డివైడరు, తిన్నటి రోడ్డు, కొంత దూరానికొక సిగ్నలు. రాయల్ ఓక్‌లో టోటెం పోల్, పైన స్క్వేర్ లేక్ రోడ్డు దగ్గర టెడ్స్ అనే, కార్లోనే కూర్చుని తినే డ్రైవ్-ఇన్ హోటళ్ళు ఉండేవి. కుర్రాళ్ళు ఈ రెండింటి మధ్య రాత్రంతా చక్కర్లు కొట్టేవారు. ఇప్పుడు ఆ రెండూ లేవు, వెతుక్కుంటూ వెళ్ళకండి. అసలు సంగతి ఇంకొకటుంది. జనరల్ మోటార్స్ (జీఎం), ఫోర్డ్, క్రైస్లర్ ఇంజనీర్ల ఇళ్ళు ఈ శివార్లలోనే ఉండేవి. ఇంకా షోరూముకి రాని కార్లను సాయంత్రం పూట ఈ రోడ్డు మీదికి తెచ్చి, పక్క కంపెనీ కారుతో పోల్చి చూసుకునేవారు.

1963 జనవరిలో జీఎం తన విభాగాలన్నీ రేసింగుకి దూరంగా ఉండాలని ఆదేశించింది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదన్న కట్టడి కూడా ఉండేది. జీఎం విభాగాల్లో ఒకటైన పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డిలోరియన్ బృందం దానికో దారి వెతికింది. కొత్త మోడల్ అనకుండా, టెంపెస్ట్ లెమాన్స్ కారుకి 389 క్యూబిక్ అంగుళాల ఇంజనుని 'ఆప్షన్'గా చేర్చింది. అదే 1964 జీటీఓ. ఆప్షన్ ధర 300 డాలర్ల లోపు, ఆ ఏడాది 32,450 అమ్ముడయ్యాయి. క్యూబిక్ అంగుళానికి 16.4 సీసీ లెక్కన 389 అంటే 6.4 లీటర్లు. అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే అంబాసడర్ ఇంజను 1.5 లీటర్లు.

క్రూజ్‌లో జీటీఓ బానెట్ ఎత్తి ఉంటే కార్బురేటర్లు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే 325 హార్స్‌పవర్ ఇంజను. వరసగా మూడుంటే ట్రై-పవర్, 348. మామూలుగా నడిపేటప్పుడు మధ్యది ఒక్కటే పనిచేస్తుంది, పెడల్ బాగా తొక్కితేనే ముందుదీ వెనకదీ తెరుచుకుంటాయి. వీటితో వచ్చే చిక్కు కూడా అక్కడే ఉంది. నెమ్మదిగా తిప్పే కారులో ఆ రెండూ నెలల తరబడి తెరుచుకోవు, లోపల పెట్రోలు జిగురు కడుతుంది. తీరా తొక్కినప్పుడు ఒకటి తెరుచుకుని రెండోది ఇరుక్కుంటే ఇంజను దగ్గుతుంది. యజమానితో మాట కలపాలంటే ఈ రెండు కార్బురేటర్లు ఆఖరిసారి ఎప్పుడు విప్పారని అడగండి, అరగంట చెబుతాడు.

రాయల్ ఓక్‌లోని రాయల్ పాంటియాక్ డీలరు జీటీఓలకి 'బాబ్‌క్యాట్' అనే కిట్ వేసేవాడు. అందులో పెద్ద భాగాలేవీ ఉండవు. పల్చటి హెడ్ గ్యాస్కెట్లు కంప్రెషన్ (సిలిండరులో పెట్రోలు-గాలిని నొక్కే మేర) పెంచేవి. కార్బురేటర్‌కి పెద్ద జెట్లు, అంటే పెట్రోలు వచ్చే రంధ్రాలు. డిస్ట్రిబ్యూటర్‌లో స్ప్రింగులూ బరువులూ మార్చి స్పార్క్ తొందరగా పడేలా చేసేవారు. ఎగ్జాస్టు వేడి కార్బురేటర్ కిందికి చేరకుండా దారి మూసే గ్యాస్కెట్లు ఉండేవి. ఎక్కువ ఆర్పీఎమ్‌లోనూ వాల్వులు సరిగా మూసుకునేలా, వాటిని నొక్కే రాకర్లకి లాక్ నట్లు బిగించేవారు. అప్పటి సునోకో బంకుల్లో దొరికే, ఆక్టేన్ బాగా ఎక్కువున్న 260 రకం పెట్రోలుకి ఇవన్నీ సరిపోయాయి. ఆక్టేన్ అంటే ఎంత నొక్కినా పెట్రోలు ముందే పేలకుండా తట్టుకునే శక్తి; ఇప్పటి బంకుల్లో దొరికే ప్రీమియంలో అది 91 నుంచి 93. అసలు కంప్రెషనే 10.75కి 1 కాబట్టి, ఇలాంటి కారు ఈ పెట్రోలుతో బరువు లాగేటప్పుడు ఇంజను లోపల టకటకమంటుంది. ఆ చప్పుడు పట్టించుకోకపోతే పిస్టన్లు పోతాయి. అందుకే రేస్ పెట్రోలు కలుపుతారు, లేదా స్పార్క్ టైమింగ్ వెనక్కి తిప్పుతారు. వెనక్కి తిప్పిన కారు అసలు ఊపంతా చూపించదు.

పందెం పద్ధతి చాలా సాదా. రెండు కార్లు ఎర్ర లైటు దగ్గర పక్కపక్కన ఆగేవి, పచ్చ పడగానే తర్వాతి లైటు దాకా. లేదంటే 20, 30 మైళ్ళ వేగంలో సమంగా వెళ్తూ హారన్ కొట్టి మొదలుపెట్టేవారు. గెలుపుని తేల్చింది ఎక్కువగా ఇంజను కాదు, టైర్లు. 14 అంగుళాల చక్రాలకి వేసిన ఆనాటి బయాస్-ప్లై టైర్లు 400 హార్స్‌పవర్‌ని రోడ్డుకి అందించలేకపోయేవి. పెడల్ పూర్తిగా తొక్కినవాడు పొగలో ఉండిపోయేవాడు, పాదం అదుపులో పెట్టుకున్నవాడు వెళ్ళిపోయేవాడు. అందుకే కదులుతూ మొదలుపెట్టే (రోలింగ్ స్టార్ట్) పందేల్లో బరువైన కార్లు కూడా గెలిచేవి.

ఈ రోడ్డు మీద పేరు నిలిచిన కార్లలో రెండింటిని చెప్పుకోవాలి. వుడ్‌వర్డ్ మీద సునోకో బంకు నడిపిన జిమ్మీ ఆడిసన్‌ది 1967 ప్లిమత్ జీటీఎక్స్, 'సిల్వర్ బుల్లెట్', 487 క్యూబిక్ అంగుళాలకు పెంచిన హెమీ ఇంజనుతో (హెమీ అంటే సిలిండరు పైభాగం అర్ధగోళంలా ఉండే క్రైస్లర్ ఇంజను). రెండోది 1970 డాడ్జ్ చాలెంజర్ 'బ్లాక్ గోస్ట్'. నల్ల రంగు, మొసలి చర్మంలా కనిపించే వినైల్ టాపు, తోక మీద తెల్లటి పట్టీ, 426 హెమీ. ఎక్కడి నుంచో వచ్చి, గెలిచి, మాయమయ్యేది. దాని యజమాని గాడ్‌ఫ్రీ క్వాల్స్ డెట్రాయిట్ పోలీసు అధికారి అన్న సంగతి చాలాకాలం బయటికి రాలేదు. 2020లో ఆ కారు అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులోకి ఎక్కింది, 2023లో వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. ఒక కుటుంబం ఒక కారుని అంత జాగ్రత్తగా, మార్చకుండా దాచుకోవడం ఈ రంగంలో అరుదు. ఆ గౌరవం దానికి దక్కాల్సిందే.

ఇప్పుడు బస సంగతి. నడిచి వుడ్‌వర్డ్ చేరాలంటే రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్, ఫెర్న్‌డేల్. క్రూజ్ వారంలో ఇక్కడి గదులు నెలల ముందే నిండుతాయి, రేట్లు ఎక్కువ. మా సలహా ట్రాయ్. బిగ్ బీవర్ రోడ్డు చుట్టుపక్కల హోటళ్ళు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళ కోసం కట్టినవి, శుక్ర, శనివారాల్లో రేట్లు కాస్త తగ్గుతాయి. అదే బిగ్ బీవర్ పడమరకి నేరుగా వుడ్‌వర్డ్‌ని కలుస్తుంది. ట్రాయ్‌లో తెలుగువాళ్ళు బాగా ఉన్నారు, చాలామంది కార్ల కంపెనీల్లోనో వాటికి విడిభాగాలిచ్చే కంపెనీల్లోనో పనిచేసేవాళ్ళే. భోజనానికి ఇబ్బంది లేదు. బంధువులు పడమటి శివారు నోవైలో ఉంటే వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర, ఇడ్లీ దోసెలు దగ్గర. కానీ సాయంత్రం ఐదింటికి ఐ-696 హైవే ఎక్కి ఇటు రావడం ఓపికకి పరీక్ష. పగలే వచ్చేయండి.

అద్దె కారు నడిపేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. వుడ్‌వర్డ్ మీద పెద్ద కూడళ్ళలో ఎడమ మలుపు ఉండదు. కూడలి దాటి కొంచెం ముందుకెళ్ళి, డివైడరులో ఉన్న దారిలో యూ-టర్న్ తీసుకుని వెనక్కి వచ్చి కుడికి తిరగాలి. దీన్నే అక్కడ మిషిగన్ లెఫ్ట్ అంటారు. కారు అక్కర్లేదనుకుంటే షికాగో నుంచి పాంటియాక్ దాకా వెళ్ళే ఆమ్‌ట్రాక్ వుల్వరిన్ రైలు రాయల్ ఓక్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి వుడ్‌వర్డ్ సుమారు మైలు నడక. శనివారం పార్కింగు కోసం తిరగడం కన్నా ఇది ఎంతో నయం. పక్క వీధుల్లో ఆ రోజు పార్కింగు నిషేధం బోర్డులు పెడతారు, లెక్కచేయకపోతే కారు లాక్కుపోతారు.

నిలబడటానికి '12 మైల్', '13 మైల్' అనే పేర్లున్న రోడ్ల మధ్య భాగం మంచిది. 1919 నాటి మోటారు గ్యారేజీని భోజన హోటలుగా మార్చిన విన్‌సెటా గ్యారేజ్ బర్క్‌లీలో ఈ దగ్గర్లోనే ఉంది. క్రూజ్ వారంలో అక్కడ చాలాసేపు నిలబడాలి, కాబట్టి మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. కోనీ ఐలాండ్ హోటళ్ళు అంతటా ఉంటాయి. కోనీ హాట్‌డాగ్ మీద పోసే చిల్లీలో గొడ్డుమాంసం ఉంటుంది. తిననివాళ్ళు గ్రీకు సలాడో, స్పినాచ్ పైయో (పాలకూర నింపి కాల్చినది), గ్రిల్డ్ చీజో అడగండి. ఫోటోలకైతే పొద్దున తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన నిలబడితే ఎండ మీ వెనక ఉంటుంది. మడత కుర్చీ, నీళ్ళు, టోపీ తప్పనిసరి.

దారి పక్కన బానెట్లు తెరిచి ఆగిన కార్లు చాలా కనిపిస్తాయి. ఈ కార్ల ఫ్యాను ఇంజనుతో పాటే తిరుగుతుంది. నెమ్మదిగా వెళ్తే ఫ్యానూ నెమ్మదే, రేడియేటర్‌కి గాలి అందదు. పైగా ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు కార్బురేటర్ గిన్నెలో తొందరగా మరుగుతుంది. ఆ వేడిలో మళ్ళీ స్టార్టు చేసేటప్పుడు పెడల్ పదేపదే కొట్టకూడదు, అడుగంటా తొక్కి పట్టుకుని తిప్పాలి.

మ్యూజియాల్లో డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం అందరూ చెప్పేది. గొప్ప చోటే, సందేహం లేదు. ఒకటో నంబరు మస్టాంగ్ అక్కడే ఉంది. కెనడాలో ఒక పైలట్‌కి పొరపాటున అమ్ముడుపోయి, తర్వాత కొత్త మస్టాంగ్ ఇచ్చి తిరిగి తెచ్చుకున్నది. కానీ మజిల్ కార్ల కోసమే వెళ్ళేవాళ్ళకి అక్కడ దొరికేది కొంచెమే. పిల్లలతో వెళ్తే అక్కడి నుంచి బస్సులో తీసుకెళ్ళే ఫోర్డ్ రూజ్ ట్రక్కు ఫ్యాక్టరీ సందర్శన కలపండి. ఆ రోజు అసెంబ్లీ లైను నడుస్తోందో లేదో ముందే అడగండి, ఆగి ఉంటే సగం అందం పోతుంది. ఆబర్న్ హిల్స్‌లోని వాల్టర్ పి. క్రైస్లర్ మ్యూజియం మూతపడింది, పాత గైడ్లలో పేరు చూసి బయల్దేరకండి.

మజిల్ కార్లకి గిల్మోర్ కార్ మ్యూజియం. డెట్రాయిట్ నుంచి రెండున్నర గంటలు, కలమజూ దగ్గర హికరీ కార్నర్స్ అనే పల్లెలో, 90 ఎకరాల్లో ఎర్రటి కొట్టాలు, పాత షోరూములు, 1941 నాటి డైనరు. పొద్దున్నే వెళ్ళి రోజంతా పెట్టుకోవాలి, మంచి చెప్పులు కావాలి. వేసవి బుధవారాల సాయంత్రాలు స్థానికులు తమ కార్లతో అక్కడికి వస్తారు. చేతిలో రెండే రోజులుంటే బుధవారం గిల్మోర్, గురువారం సాయంత్రం వుడ్‌వర్డ్. ఇంతకన్నా మంచి జత లేదు.

ఆగస్టులో కుదరనివాళ్ళకి, ముఖ్యంగా నేపర్‌విల్, అరోరా వైపు ఉన్నవాళ్ళకి, షికాగో ఓహేర్ విమానాశ్రయం పక్కన రోజ్‌మాంట్‌లో నవంబరులో జరిగే మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్ ఉంది. థాంక్స్‌గివింగ్‌కి ముందు శని, ఆదివారాలు, అంతా హాల్లోనే. అసలుదీ నకలుదీ తేడా నేర్చుకోవడానికి దీనికి మించిన బడి లేదు. 1970 చాలెంజర్ చాసిస్ నంబరులో అయిదో అక్షరం R అయితే 426 హెమీ, V అయితే మూడు కార్బురేటర్ల 440, U అయితే నాలుగు బ్యారెళ్ళు (గాలి దారులు) ఉన్న ఒకే కార్బురేటర్ 440. జీటీఓ నంబరు 1966 నుంచి 1971 దాకా 242తో మొదలవుతుంది. 1964, 65 కార్లలో నంబరు చూసి తేల్చలేం, పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ఇచ్చే ఫ్యాక్టరీ కాగితాలు అడగాలి. 1970 షెవర్లే షెవెల్ నంబరు అది ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ రకం) అవునో కాదో చెప్పదు. బిల్డ్ షీట్, అంటే ఫ్యాక్టరీలో ఏ భాగాలు వేయాలో రాసిన కాగితం కావాలి, అది తరచు పెట్రోలు ట్యాంకు మీద దొరుకుతుంది. కాగితం లేకుండా ఎల్ఎస్6 (షెవెల్‌లో అన్నిటికన్నా బలమైన ఇంజను) అని ధర చెబితే బేరం ఆడకుండా వచ్చేయండి.

వీధి పందేలు ఇప్పుడు నేరం, వుడ్‌వర్డ్ మీద టైర్లు తిప్పి పొగ లేపినా జరిమానా టికెట్ రాస్తారు. నిజమైన పావు మైలు పరుగు చూడాలంటే డెట్రాయిట్ నుంచి రెండు గంటల దూరంలో ఒహాయో రాష్ట్రం నార్వాక్‌లో సమ్మిట్ మోటార్‌స్పోర్ట్స్ పార్క్ ఉంది. జూన్‌లో జరిగే ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) పోటీలకి చెవి ప్లగ్గులు చాలవు, పిల్లలకి ఇయర్ మఫ్‌లు కొని తీసుకెళ్ళండి. గ్యాలరీలో స్టార్టు లైన్ పక్కన కాకుండా అరవై అడుగుల అవతల కూర్చోండి. కారు ముందు చక్రాలు లేచేదీ, టైరు పట్టు వదిలేదీ ఎక్కువగా ఆ అరవై అడుగుల్లోనే.