కళ్లెదుటే పడే ముద్ర: క్లియర్ స్టాంపులు కొన్నేళ్లు వాడాక

గ్రీటింగ్ కార్డులు చేసే సామానంతా ఎవరికైనా ఇచ్చేయమంటే ఇచ్చేస్తాను. మార్కర్లు, పంచింగ్ మిషన్లు, రిబ్బన్ల డబ్బా, అన్నీ. క్లియర్ స్టాంపులు, అంటే పిడి లేకుండా అవతలిది కనిపించేలా ఉండే మెత్తటి ముద్రలు, వాటిని అంటించుకునే ఆ అద్దంలాంటి యాక్రిలిక్ దిమ్మె మాత్రం ఇవ్వను. కారణం ఒక్కటే. ముద్ర ఎక్కడ పడబోతోందో పడకముందే కంటికి కనిపిస్తుంది.

ఇదేం పెద్ద విషయమా అనిపించొచ్చు. చెక్క పిడి ఉన్న రబ్బరు స్టాంపుతో కార్డు చేసినవాళ్లను అడగండి. బొమ్మ అద్ది, రంగులేసి, అంచు అంటించి, గంటన్నర కూర్చున్నాక చివరగా వేసేది 'శుభాకాంక్షలు'. అంతా బాగా వచ్చిన కార్డు ఆ చివరి ముద్ర వంకరగా పడితే పోయినట్టే. చెరిపేందుకు లేదు, మీద ఇంకొకటి వేసేందుకు లేదు. పిడి అడ్డం ఉంటుంది కాబట్టి అంతా అంచనా మీదే. చేతికి చెమట, గుండెలో టెన్షన్.

క్లియర్ స్టాంపుతో ఆ బాధ తీరింది. మా ఆడపడుచు కూతురి ఓణీ ఫంక్షన్‌కు చేసిన కార్డులో గుండ్రటి ముగ్గు వేసి, మధ్యలో పిల్ల పేరు పెట్టాను. ముగ్గు గీతకూ పేరు మొదటి అక్షరానికీ మధ్య బియ్యపు గింజంత సందు. దిమ్మెను కార్డు మీదికి తెచ్చి, పైనుంచి చూస్తూ కొంచెం కుడికి, కొంచెం కిందికి జరిపి, సరిపోయిందనుకున్నాక దించాను. సరిగ్గా అక్కడే పడింది. దిమ్మె మీద గళ్ల గీతలుంటే ఇంకా సుఖం, కార్డు అంచుకు గీతను కలిపేస్తే అక్షరాల వరస వంగదు.

కొన్న కొత్తలో ఈ గుణాన్ని నేను ఎంత పొగిడానంటే, మా చుట్టాల్లో ముగ్గురు నలుగురు నా మాట విని కొనేశారు. ఇప్పుడైతే కాస్త తగ్గించి చెప్తాను. దిమ్మె మందంగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే అక్షరం ఉన్నచోట కాకుండా కొంచెం అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. తల నిట్టనిలువుగా పైకి తెచ్చి చూడాలి. మెడనొప్పి ఉన్నవాళ్లకు ఇది చిన్న కష్టం కాదు. పైగా సామాను మెత్తన. గట్టిగా నొక్కితే అక్షరం అంచులు ఒత్తుకుపోయి బొద్దుగా పడతాయి. సన్నని గీతల బొమ్మలకు పాత ఎర్ర రబ్బరే స్ఫుటంగా పడుతుందని ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకోక తప్పదు. ఇంకొకటి, కొత్త స్టాంపు మీద నునుపుదనం ఉంటుంది, ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పెన్సిలు రబ్బరుతో దాని ముఖం నాలుగుసార్లు రుద్దితే గానీ దారికి రాదు. ప్యాకెట్ మీద ఆ సంగతి ఎక్కడా రాయరు.

నాకు అసలు కోపం వేరే ఉంది. మార్కెట్లో దొరికే సెట్లన్నీ ఒకటే తంతు. మంచు మనిషి, క్రిస్మస్ చెట్టు, బెలూన్లు, టెడ్డీ బేర్, 'హ్యాపీ బర్త్‌డే', 'థాంక్యూ'. మే నెలలో రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేని తిరుపతిలో కూర్చుని మంచు మనిషి ముద్రలు వేసుకోవాలి. మామిడాకుల తోరణం లేదు, దీపం కుందె లేదు, తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు. విడి అక్షరాల సెట్టు వచ్చినా మనకు పెద్దగా పనికిరాదు లెండి. ఇంగ్లీషుకు ఇరవయ్యారు ముక్కలుంటే చాలు, పేర్చుకుంటూ పోవచ్చు. మనకు తలకట్టు, గుడి పైన, ఒత్తు కింద, కొమ్ము పక్కన. 'పుట్టినరోజు' అని పేర్చాలంటే ట్ట కోసమే ఒక ముక్క కావాలి. మాటకు మాట మొత్తంగా పోత పోయించుకోవాల్సిందే.

ఆ పోత మన ఊళ్లోనే, కాలినడక దూరంలో దొరుకుతుందని తెలియడమే ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన సంతోషం.

గాంధీ రోడ్డు వెనక ఒక సందులో రబ్బరు స్టాంపుల అంగడి ఉంది. ఆఫీసు సీళ్లు, డాక్టర్ల స్టాంపులు, అపార్టుమెంటు సంఘాల గుండ్రటి ముద్రలు, అదీ వాళ్ల బేరం. ట్యూషన్‌కు వచ్చే పిల్లలకు 'వెరీ గుడ్' స్టాంపు చేయిద్దామని వెళ్లాను. ఆయన పని చేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. చూస్తే, నా దగ్గరున్న క్లియర్ స్టాంపు సామానే అది! దాన్ని ఫోటోపాలిమర్ అంటారు. మనం ఆన్‌లైన్లో పూల బొమ్మ వేసి అమ్మితే కొనేదీ, ఆయన అసిస్టెంట్ ఇంజనీరు హోదా పోసి ఇచ్చేదీ ఒకే రకం ద్రవం.

మర్నాడు కంప్యూటర్లో 'శుభాకాంక్షలు' అని ముద్రించుకుని తీసుకెళ్లాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హోదా ఏం రాయమంటావమ్మా?"

"హోదా ఏం లేదన్నా, ఆ ఒక్క మాటే."

"మరి అడ్రసు?"

"అదీ లేదు. గ్రీటింగ్ కార్డులకు."

ఆయనకు నవ్వొచ్చింది. "ఇన్నేళ్లుగా ఈ అంగట్లో ఉండాను, హోదా లేని స్టాంపు ఇదే ఫస్టు" అన్నాడు.

పద్ధతి చూడ్డానికి భలే ఉంటుంది. మాటను ఫిల్ము మీద నెగెటివ్‌గా తీస్తారు, అంటే చుట్టూ నలుపు, అక్షరం ఉన్నచోట మాత్రం వెలుతురుకు దారి. ఆ ఫిల్మును గాజు పలక మీద పరిచి, చుట్టూ స్పాంజి టేపుతో గట్టు కట్టి, చిక్కటి ద్రవం పోస్తారు. బుడగలు లేస్తే గుండుసూదితో పొడుస్తారు. ఒక్క బుడగ అక్షరం మీద నిలిచినా అక్కడ గుంట పడుతుంది. పైన పలుచని ప్లాస్టిక్ షీటు, మళ్లీ గాజు పలక. అల్ట్రావయొలెట్ ట్యూబుల పెట్టెలో పెడితే వెలుతురు తగిలిన అక్షరం గట్టిపడుతుంది, తగలనిచోట ద్రవం ద్రవంగానే ఉంటుంది. తీసి కొళాయి కింద సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగితే అనవసరమైనదంతా కరిగిపోయి అక్షరాలు తేలతాయి. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి.

మొదటి పోత సరిగ్గా రాలేదు. ధూర్జటి అనే ఉచిత ఫాంటు ఎంచుకున్నాను. మన కాళహస్తి కవి పేరు పెట్టిన అక్షరం కదా అన్న మమకారం. కార్డు మీద అద్ది చూస్తే సున్న పూడిపోయి నల్లచుక్క అయ్యింది, క్ష లోపలి ఖాళీ మూసుకుపోయింది. తప్పు ఫాంటుది కాదు, అది పెద్ద శీర్షికలకు ఉద్దేశించింది. వేలి గోరంత సైజుకు దించితే లోపలి ఖాళీలు ఎక్కడ మిగుల్తాయి? ఆయనే చెప్పాడు: "ఆఫీసు స్టాంపుకైతే సరిపోతాది. నీకు ఒత్తు విప్పి కనిపించాలంటే సన్నంగా, ఎడంగా ఉండేది తీస్కరా." మండలి ఫాంటులో, అక్షరం ఒక సెంటీమీటరుకు తగ్గకుండా మళ్లీ పోయించాను. ఈసారి క్ష కడుపులో తెల్లదనం స్పష్టంగా కనబడింది. అప్పట్నుంచి 'పుట్టినరోజు', 'ధన్యవాదాలు', 'గృహప్రవేశం' ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చాను. ఒక్కో మాటకు అయ్యే ఖర్చు ఆన్‌లైన్ సెట్టు ధరలో సగం కూడా లేదు.

చేయించుకోదలచినవాళ్లకు ఒక సూచన. పిడి అంటించవద్దని ముందే చెప్పండి, లేకపోతే అలవాటు ప్రకారం నల్లటి పిడి వేసేస్తారు, ఇక చూస్తూ అద్దే భాగ్యం పోయినట్టే. అంగట్లో చేసినదాని వెనక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, అది మన దిమ్మెకు తనంతట తాను అంటుకోదు. ఊడదీయగలిగే డబుల్ సైడ్ టేపు చిన్న ముక్క వాడాలి. టేపు వేశాక అక్షరం కొంచెం మసకగా కనిపిస్తుంది. కొన్న సెట్టులో ఉన్నంత తేటదనం ఇందులో లేదు. అయినా నాకు పని జరుగుతోంది.

ఇంకు సంగతి మాత్రం చెప్పి తీరాలి. అంగడాయన స్టాంపుతో పాటు ఇచ్చే వంకాయరంగు ప్యాడ్ రసీదులకు బ్రహ్మాండం. గ్రీటింగ్ కార్డు మీద వేసి, ఆల్కహాల్ మార్కర్‌తో పక్కన రంగు దిద్దితే గీతంతా కరిగి రంగులోకి ఒలికిపోతుంది. మార్కర్‌లో రంగును మోసేది ఆల్కహాలే, దానికి కరిగే ఇంకు ఏదైనా ఇంతే. ఓణీ ఫంక్షన్ కార్డుల్లో సగం ముగ్గులకు నీలం నీడ పట్టింది అలాగే. పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు గుడ్డను ముందుగా కరక్కాయలో, ఎనుము పాలల్లో ముంచి ఆరబెడతారు, పాలల్లోని కొవ్వు వల్ల కలం నుంచి దిగిన రంగు పాకకుండా గీతలోనే నిలుస్తుంది. కాగితానికి అలాంటి పాలాభిషేకం మనం చేయలేం. ఇంకునే చూసి కొనుక్కోవాలి. ఆల్కహాల్ మార్కర్లకు తట్టుకుంటుందని రాసి ఉన్న డై ఇంకులు వేరుగా దొరుకుతాయి. నేను అలాంటిదే మెమెంటో అనే రకం నలుపు ఇంకు వాడుతున్నాను, ముద్ర వేసి కాసేపు ఆగితే గీత కదలదు. రంగు పెన్సిళ్లతో దిద్దేవాళ్లకు ఈ తలనొప్పే లేదు, ఏ ప్యాడ్ అయినా సరే. కాగితం కూడా మామూలు చార్టు వద్దు, మార్కర్ వెనక్కి దిగుతుంది. మందమైన ఐవరీ షీటు అడగండి, స్టేషనరీ అంగళ్లలో ఆ పేరు చెబితేనే ఇస్తారు.

ఇక మన్నిక. 'ఒకసారి కొంటే జన్మంతా వస్తాయి' అని నేనే అందరికీ చెప్పి ఉంటాను. మా మేడ మీది గదిలో, రేకుల కింద, రెండు వేసవులు గడిచాక ఆ మాట అనడం మానేశాను. ఎండకు స్టాంపు మెత్తబడి షీటుకు అతుక్కుపోతుంది. విడదీసేటప్పుడు తొందరపడితే సన్నని కొమ్ములు తెగుతాయి. కిటికీ వెలుతురు పడేచోట పెట్టినవి పసుపుపచ్చగా తిరిగి, క్రమంగా గట్టిపడ్డాయి. ఇంకు మరకలు పడితే భయం లేదు, అది రంగు మాత్రమే, ముద్రకు అడ్డం రాదు. ఇప్పుడు పాత పెళ్లి సీడీల డబ్బాల్లో పెట్టి, కింద గదిలో చెక్క బీరువాలో ఉంచుతున్నాను. వరసగా నిలబెట్టుకోవచ్చు, దుమ్ము పడదు, ఏది ఎక్కడుందో డబ్బాలోంచే కనబడుతుంది. తుడవడానికి నీళ్లు, చంటిపిల్లల వైప్స్ చాలు. శానిటైజర్‌తో తుడిచిన ఒక ఆకు స్టాంపు అంచులు చిట్లాయి, అందువల్లే అని గట్టిగా చెప్పలేను గానీ మళ్లీ వాడలేదు.

కొనమంటారా అని అడిగితే, మీరు చేసే కార్డులు ఎన్ని, ఎవరికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ట్యూషన్లు అయ్యాక రాత్రిపూట చేసుకునేదాన్ని. ఏడాదికి చుట్టాల పండగలు, పిలిచి అడిగిన కొద్దిమంది ఆర్డర్లు, అంతే. ఈ లెక్కకు ఇది నాకు చాలా బాగుంది. పెళ్లికి వంద కార్డులు కావాలంటే మాత్రం స్క్రీన్ ప్రింటింగ్‌కు పంపించేస్తాను, వందసార్లు ఇంకు అద్దితే ఏ ముద్రా ఒకేలా రాదు. చిన్న పిల్లల చేతికి ఈ స్టాంపులు ఇవ్వను, లాగి తెంపుతారు, వాళ్లకు సగానికి కోసిన బెండకాయే హాయి. తెలుగు ముద్రలు అక్కర్లేదు, ఇంగ్లీషులో 'థాంక్యూ' చాలు అనుకునేవాళ్లకు మామూలు సెట్టు సరిపోతుంది, అంగడి చుట్టూ తిరిగే శ్రమ ఉండదు. చూపు తగ్గినవాళ్లు మాత్రం ఒకసారి ఎవరిదైనా అరువు తెచ్చుకుని చూశాక కొనండి. పారదర్శకంగా ఉండటమే వీటి గొప్ప, కానీ ఆ పారదర్శకత వల్లే బల్ల మీద ఎక్కడ పెట్టామో కనిపించక వెతుక్కోవాల్సి వస్తుంది. మా అత్తమ్మ ఒకసారి 'ధన్యవాదాలు' ప్లాస్టిక్ తుక్కు అనుకుని చెత్తబుట్టలో వేసేసింది.

పోస్టులో పంపేవాళ్లు తూకం చూసుకోండి. 300 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఏ4 షీటును సగానికి మడిచిన కార్డు ఒక్కటే దాదాపు 19 గ్రాములు తూగుతుంది, కవరుతో కలిపితే మామూలు ఉత్తరానికి ఉన్న 20 గ్రాముల మొదటి స్లాబు దాటుతుంది. అదే షీటును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మడిస్తే కార్డు తొమ్మిది గ్రాములకు కొంచెం పైన ఉంటుంది, పైన ఒక పువ్వు అంటించినా ఇబ్బంది ఉండదు. నేను చిన్న సైజుకే మారాను. ఆ సైజులో సెంటీమీటరు అక్షరాల 'శుభాకాంక్షలు' ఒక్క వరసలో పడుతుంది, 'గృహప్రవేశ శుభాకాంక్షలు' అయితే రెండు వరసలుగా పోయించుకోవాలి.