షిఫ్టు ఉద్యోగానికి ఏ లైసెన్సు మేలు: స్కూటీదా, గేరు బండిదా, కారుతో కలిపా?

తెల్లవారుజామున ఊళ్లో బయల్దేరి పొద్దుటి షిఫ్టుకు వరంగల్ దగ్గరి గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు గేటు దగ్గర ఉండాలంటే బస్సును నమ్ముకోలేం. రాత్రి షిఫ్టు దిగాక అసలే నమ్ముకోలేం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో ప్రయాణం ఉచితమే గానీ, బస్సే లేని వేళ ఆ ఉచితం ఎవరికి అక్కర? కంపెనీ బస్సు మీ ఊరి దాకా రాకపోతే బండే దిక్కు. బండి మీద వచ్చేవాళ్లను కంపెనీ లైసెన్సు జిరాక్స్ తెమ్మంటే ఏ తరగతి (ఏ రకం బండి) లైసెన్సుకు పెట్టాలన్నది అప్పుడు తేలదు, ముందే తేల్చుకోవాలి.

లైసెన్సు జోలికే పోకుండా చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామనేవాళ్లు ఉన్నారు. మోటారు పవర్ 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఊళ్లో తిరగడానికి బాగానే ఉంటుంది. 20 కిలోమీటర్ల దారి మాత్రం ఎక్కడా ఆగకపోయినా 48 నిమిషాలు. పరకాల–భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీల పక్కన ఆ వేగంతో చీకట్లో పోవడం మంచిది కాదు. షాపువాడు స్పీడ్ లాక్ తీసేసి ఇస్తే అది మోటారు వాహనమే అవుతుంది. అప్పుడు లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు అన్నీ కావాలి.

స్కూటీ లైసెన్సుకూ గేరు బండి లైసెన్సుకూ ఫీజు ఒక్కటే. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు (నేర్చుకునేటప్పటి లైసెన్సుకు) ఒక్కో తరగతికి 150, ఆ పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు తరగతికి 300, లైసెన్సు కార్డుకు 200 రూపాయలు. రాష్ట్ర సర్వీసు చార్జీలు అదనం. గేరు లైసెన్సు ఉంటే స్కూటీ నడపొచ్చు, స్కూటీ లైసెన్సుతో గేరు బండి నడపకూడదు. స్కూటీ పంక్చరైన రోజు ఇంట్లోవాళ్ల స్ప్లెండర్ తీశారంటే, ఆ బండికి మీరు లైసెన్సు లేనివాళ్లే. సొంత బండికి 15 లక్షల ప్రమాద బీమా కట్టినా, ఓనరుకు చెల్లే లైసెన్సు లేకపోతే క్లెయిమ్ నిలవదు. అందుకని క్లచ్ పట్టడం వచ్చినవాళ్లు గేరుకే పెట్టుకోవాలి. స్కూటీ తప్ప ఏదీ ముట్టనివాళ్లు, ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడ్డవాళ్లు స్కూటీతో సరిపెట్టుకోవచ్చు.

అసలు తర్జనభర్జన కారు దగ్గర వస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ అప్పుడే బైకు, కారు రెండూ కలిపి పెడితే అదనంగా పడేది 450 రూపాయలు. తర్వాత విడిగా చేర్చుకోవాలంటే కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ 30 రోజులు, మళ్లీ సెలవులు, పైగా తరగతి చేర్చినందుకు 500. లెక్కకు కలిపి తీసుకోవడమే లాభం. ఇంకో లాభం కూడా ఉంది. 7,500 కిలోల స్థూల బరువు (బండి, సరుకు కలిపి) లోపు రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. షిఫ్టు లేని రోజు ట్రాలీ నడుపుకునేవాళ్లకు ఇది మాటలు కాదు. రేపు టిప్పర్ లాంటి హెవీ బండ్ల వైపు పోవాలన్నా, కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి. ఆ ఏడాది లెక్క ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.

కాకపోతే కారు నేర్చుకునేటప్పుడు పక్క సీట్లో లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. షిఫ్టు మారుతూ ఉంటే ఆ మనిషికీ మీకూ ఖాళీ కుదరదు. ఒకే దరఖాస్తులో రెండూ పెట్టి, కారు చెయ్యి తిరగలేదని టెస్టు స్లాట్ వాయిదా వేస్తే బైకు లైసెన్సు కూడా దాంతోపాటే వెనక్కి పోతుంది. రెండు నెలల్లో లైసెన్సు చూపించాల్సినవాళ్లు గేరు బైకు ఒక్కటే పెట్టుకోండి. గడువు అంతకంటే ఎక్కువ ఉంటే కలిపి పెట్టండి.

స్లాట్‌కు రెండో షిఫ్టు వారం సరిపోతుంది, పొద్దున టెస్టు ముగించుకుని డ్యూటీకి పోవచ్చు. పొద్దుటి షిఫ్టు వారమైతే సెలవు పెట్టక తప్పదు. నైట్ దిగి నేరుగా ట్రాక్ మీదికి పోవద్దు. నిద్ర లేని కాళ్లు బైకు టెస్టులో 8 అంకె ఆకారపు ట్రాక్ మీద ఎనిమిది తిరిగేటప్పుడు ముందుగా నేల మీదికే పోతాయి, కాలు ఆనిందంటే టెస్టు పోయినట్టే. ఎనిమిదిలో ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మీద పాదం కొంచెం ఆనించి ఉంచాలి. ముందు బ్రేకు పట్టారా, మలుపులో బండి ఒరుగుతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, తిరగబోయే వంపు మీద ఉండాలి. కారైతే హెచ్ అక్షరం ఆకారపు ట్రాక్‌లో రివర్స్ దగ్గర, ఎత్తు దగ్గర ఎక్కువమంది తప్పుతారు. ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వదిలేముందే క్లచ్ పట్టు అందాలి, లేకపోతే బండి వెనక్కి జారుతుంది. తెచ్చుకున్న బండికి ఎల్ బోర్డు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ సరిగా ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోండి. ఇన్సూరెన్సు తేదీ దాటిన బండితో పోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ట్రాక్ ఎక్కనివ్వకుండానే తిప్పి పంపొచ్చు.

40 దాటినవాళ్లు దరఖాస్తుకు ముందే డాక్టరు సంతకంతో ఫారం 1-ఏ (మెడికల్ సర్టిఫికెట్) తెచ్చుకోవాలి. టెస్టు తప్పితే మళ్లీ రావడానికి 7 రోజులు ఆగాలి, మూడుసార్లు తప్పితే 60 రోజులు. ఎల్‌ఎల్‌ఆర్ బతికేది ఆరు నెలలే. ఐదో నెలలో తొలి స్లాట్ పెట్టుకున్నవాళ్లకు మూడుసార్లు తప్పితే ఆ 60 రోజులు ఆగేంత వ్యవధి మిగలదు.