పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలో ఫంక్షన్ పేర్లు: ఏళ్ల తరబడి వాడాక

ఫంక్షన్ పేరు చదవగానే రెండు సంగతులు తెలియాలి. మనం ఇచ్చిన డేటాను అది మారుస్తుందా? తిరిగి ఏమిస్తుంది? వీటికోసం ప్రతిసారీ డాక్యుమెంటేషన్ తెరవాల్సి వస్తే ఆ పేరు సరిగా పెట్టనట్టే. ఈ లెక్కన పైథాన్‌లో ముచ్చటేసే పేర్లున్నాయి, కాలికి తగిలే రాళ్లూ ఉన్నాయి.

ముచ్చటేసేవాటిలో నా ఓటు సార్ట్, సార్టెడ్ జంటకు. సార్ట్ అంటే 'వరస పెట్టు'. ఉన్న లిస్టునే మార్చి, 'ఏమీ లేదు' అని అర్థమిచ్చే నన్ రిటర్న్ చేస్తుంది. సార్టెడ్ అంటే 'వరస పెట్టినది'. పాత లిస్టు జోలికి పోకుండా కొత్తది ఇస్తుంది. సార్ట్ ఫలితాన్ని మళ్లీ అదే వేరియబుల్‌లో వేసి లిస్టు పోగొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అయితే ఆ వేరియబుల్‌ను లిస్టులా వాడబోగానే ఎర్రర్ వస్తుంది కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది.

బయటపడని తప్పులకు పుట్టిల్లు, స్ట్రింగ్ (అక్షరాల వరస) అంచుల్లోని అక్షరాలను తీసేసే స్ట్రిప్ కుటుంబం. ఫైలు పేరు చివర ఉన్న డాట్ టీఎక్స్‌టీ తీసేయాలని ఆర్‌స్ట్రిప్‌కి ఆ నాలుగక్షరాలూ ఇస్తాం. అది వాటిని ఒక ముక్కగా చూడదు. చుక్క, టీ, ఎక్స్ అనే మూడు అక్షరాల గుంపుగా తీసుకుని, చివరినుంచి వీటిలో ఏది కనిపించినా కొట్టేస్తూ పోతుంది. 'డేటా' అనే ఫైలుకు ఫలితం సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ పేరు చివర 'ఎ' ఉంది. 'రిపోర్ట్' ఫైలుకు మాత్రం పేరులోని ఆఖరి టీ కూడా పోయి 'రిపోర్' మిగులుతుంది. ఎర్రర్ రాదు, టెస్టులో డేటా ఫైలొక్కటే ఉంటే అదీ పాసవుతుంది. 2020లో వచ్చిన 3.9 వెర్షన్‌లో రిమూవ్‌ప్రిఫిక్స్, రిమూవ్‌సఫిక్స్ చేర్చారు. పేరు పొడుగే, కానీ చెప్పింది చెప్పినట్టు చేస్తాయి. ఇచ్చిన ముక్క అక్కడ లేకపోతే స్ట్రింగ్‌ను ఉన్నదున్నట్టు ఇస్తాయి. పాత కోడ్‌లో ఒకటికి మించి అక్షరాలు ఇచ్చిన ప్రతి స్ట్రిప్‌నూ వెతికి చూడండి, చాలావాటికి ఈ రెండే కావాలి.

షటిల్ మాడ్యూల్‌లో ఫైల్ కాపీ పేర్లు నాకు నచ్చవు. కాపీఫైల్ లోపలి సమాచారాన్ని మాత్రమే కాపీ చేస్తుంది, గమ్యంగా ఫోల్డర్ ఇస్తే ఒప్పుకోదు. కాపీ అయితే పర్మిషన్లను కూడా తెస్తుంది. కాపీ2 మార్పు తేదీల్లాంటివీ నిలపడానికి ప్రయత్నిస్తుంది. ఆ '2'లో ఇదంతా ఎక్కడుంది? బ్యాకప్ స్క్రిప్టులో కాపీ వాడితే ప్రతి ఫైలుకూ ఇవాళ్టి తేదీ పడుతుంది. తేదీ చూసి మారిన ఫైళ్లను ఏరుకునే తర్వాతి దశ అన్నీ మారాయనే అనుకుంటుంది.

ఓఎస్ మాడ్యూల్‌లో రీనేమ్ కూడా అంతే. గమ్యంలో అదే పేరుతో ఫైలుంటే విండోస్‌లో ఎర్రర్ ఇస్తుంది, లినక్స్‌లో చప్పుడు లేకుండా దాన్ని తుడిచేసి కూర్చుంటుంది. 3.3 నుంచి ఉన్న రీప్లేస్ రెండు చోట్లా పాతదాన్ని తీసేస్తుంది, ఆ సంగతి పేరులోనే చెబుతుంది. ఇక టెస్టులు రాసుకునే మాడ్యూల్ యూనిట్‌టెస్ట్‌లోని అసర్ట్‌కౌంట్‌ఈక్వల్ లెక్క మాత్రమే పోలుస్తుందనిపిస్తుంది. నిజానికి వరసతో పనిలేకుండా మూలకాలనే పోలుస్తుంది.

ఇక సమయం. టైమ్ మాడ్యూల్‌లో ఒకప్పుడు క్లాక్ ఉండేది. యూనిక్స్‌లో అది ప్రాసెసర్ వాడిన సమయం, విండోస్‌లో గోడగడియారం లెక్క. ఒకే పేరు, రెండు అర్థాలు. 3.8లో తీసేశారు. ఇప్పుడున్న పర్ఫ్‌కౌంటర్, ప్రాసెస్‌టైమ్ దేన్ని కొలుస్తాయో స్పష్టం. డేట్‌టైమ్‌లోని యూటీసీనౌ మన దగ్గర మరీ ఇబ్బంది పెడుతుంది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని పేరులో ఉన్నా, అది ఇచ్చే విలువకు టైమ్‌జోన్ గుర్తు ఉండదు. దాని మీద, సమయాన్ని సెకన్ల లెక్కగా మార్చే టైమ్‌స్టాంప్ కాల్ చేస్తే పైథాన్ దాన్ని స్థానిక సమయంగా లెక్కేస్తుంది. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ మీద ఫలితం సరిగ్గా 19,800 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు, వెనక్కి వస్తుంది. యూటీసీలో పెట్టిన సర్వర్ మీద తేడా ఉండదు, అందుకే కారణం పట్టుకోవడానికి రోజులు పడుతుంది. 2023లో వచ్చిన 3.12 నుంచి ఇది డెప్రికేటెడ్, అంటే ఇక వాడొద్దని ప్రకటించారు. నౌ ఫంక్షన్‌కే టైమ్‌జోన్ డాట్ యూటీసీ ఇచ్చి వాడండి.

కోడ్ చదివి తప్పులు వెతికే రఫ్ లింటర్ వాడేవాళ్లు బీ005, డీటీజెడ్003 రూల్స్ ఆన్ చేసుకుంటే మొదటిది పైన చెప్పిన టీఎక్స్‌టీ తప్పునూ, రెండోది యూటీసీనౌనూ పట్టిస్తాయి. టెస్టులు నడిపేటప్పుడు డెప్రికేషన్ వార్నింగ్‌లను ఎర్రర్లుగా మార్చుకోండి, కొత్త వెర్షన్‌కి వెళ్లే రోజు పని తేలికవుతుంది.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు ముఖ్యంగా చూడాల్సిన పేరు ఈజ్‌ఆల్ఫా. పేరు చదివితే 'అన్నీ అక్షరాలేనా' అని అడిగినట్టుంటుంది. 'కమల'కు ట్రూ ఇస్తుంది, 'రాముడు'కు ఫాల్స్. క, మ, ల మూడూ, ప్రపంచ లిపుల ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో ఉన్నాయి. దీర్ఘం, కొమ్ము, పొల్లు మాత్రం 'మార్కు' వర్గంలోకి వస్తాయి, ఈజ్‌ఆల్ఫా వాటిని అక్షరాలుగా ఒప్పుకోదు. ఆర్‌ఈ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూదీ (పదంలో వచ్చే అక్షరాన్ని వెతికే గుర్తు) ఇదే తీరు. అంకెల దగ్గర ఈ గొడవ లేదు. ౨౦౨౪కు ఈజ్‌డెసిమల్ ట్రూ ఇస్తుంది, ఇంట్ దాన్ని 2024గా మారుస్తుంది. ఈజ్‌డిజిట్ మాత్రం గణితంలో వర్గానికి (స్క్వేర్) గుర్తుగా పైన రాసే చిన్న 2కూ ట్రూ ఇస్తుంది, అదే ఇంట్‌కి ఇస్తే ఎర్రర్.

పేర్ల ఫారంలో ఈజ్‌ఆల్ఫా బదులు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని కేటగిరీతో ఒక్కో అక్షరాన్నీ చూసి, ఎల్ లేదా ఎం‌తో మొదలయ్యే వర్గాలన్నింటినీ అనుమతించండి. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఈ రెండింటిలోకీ రాదు, దాన్ని విడిగా చేర్చాలి. టెస్టుల్లో కమలతో పాటు రాముడినీ పెట్టండి.